ఎర్రగీత పంచాయితీ

మానుకోట బస్టాండు చుట్టూ ముప్పై ఏళ్లపాటు ఏ బోర్డు చూసినా అది జైసింగ్ చేతి రాతే. కిరాణా కొట్లు, పళ్ల డాక్టర్లు, సైకిల్ షాపులు, బడిగోడ మీది ఎక్కాలు, ఆటోల వెనక కవిత్వం, అన్నీ ఆయనే రాశాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన వాక్యం మాత్రం ‘ఇచ్చట మూత్రము పోయరాదు’. అన్నిటికంటే తక్కువమంది మన్నించిన రాత కూడా అదేననుకోండి. రంగు ఆరకముందే వచ్చి నిలబడేవాళ్లు. అందులో ఆయన తప్పేమీ లేదు, అక్షరాలైతే ముత్యాల్లాగే ఉండేవి.

జైసింగ్ నోట్లో నాలుక లేని మనిషి. బోర్డు రాయించుకునేవాడు చెప్పింది రాయించుకుని ఊరికే పోతాడా? పోడు.

“అక్షరాలు జర లావుగ పెట్టన్నా.”

“అట్లనే పటేలా.”

“దేవుని పక్కపొంటి నా బొమ్మ గూడ ఏస్తే ఎట్లుంటది?”

“అట్లనే పటేలా.”

“మరి దేవుడు జర చిన్నగైతే ఏమైతది?”

దానికీ అట్లనే పటేలా. ఒక మిఠాయి కొట్టాయన బోర్డు మీది లడ్డూను నాలుగుసార్లు పెద్దది చేయించాడు. చివరికది గుమ్మడికాయంత అయ్యింది. గుమ్మడికాయ ఎందుకు వేశావని ఆయనే మళ్లీ కోప్పడ్డాడు. అంత జరిగినా జైసింగ్ నోటివెంట ‘కాదు’ అన్న మాట రాలేదు. ముప్పై ఏళ్లలో ఆయన గీసిన ఏ గీతా గీసినచోట ఉండలేదని చెప్తే మీరు నమ్మాలి.

ఆ తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున ఫోటో ఇస్తే మాపటికల్లా నిలువెత్తు ముఖం చేతికొస్తుంటే కుంచె పట్టినవాడితో ఎవరికి పని? ఆఖరి గిరాకీ ఎరువుల కొట్టు సంజీవ. ఆరడుగుల రేకు మీద ‘సంజీవ ఎరువులు, పురుగుమందులు, విత్తనములు’ అని రాయించి, పక్కన పగిలిన పత్తికాయ వేయించి, తీరా తీసుకుపోయే రోజున వచ్చి, “ఫ్లెక్సీ కొట్టిచ్చిన జైసింగూ, నీ రేకు నువ్వే ఉంచుకో” అని చల్లగా చెప్పిపోయాడు. జైసింగ్ ఆ రేకునూ, మిగిలిన రంగుడబ్బాలనూ బస్సు మీదికెక్కించి సొంత ఊరు బోడగుట్ట తండాకు వచ్చేశాడు. మానుకోట నుంచి గంటన్నర బస్సు, ఆ మీద రెండు కిలోమీటర్ల నడక. రంగుడబ్బాలు ఎందుకు పనికొస్తాయో ఆయనకు తెలియదు. రేకు ఎందుకు పనికొస్తుందో ఆయన భార్య సుక్కికి చూడగానే తెలిసింది. మేకల కొట్టానికి తలుపు లేదు.

గుట్టవాలు మీద జైసింగ్‌కు రెండున్నర ఎకరాలుంది. దాని కింది చేను అన్న మాన్‌సింగ్‌ది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ నడిమి ఒడ్డును గెట్టు చేసుకుని పంచుకున్నారు. పదకొండేళ్ల కింద ఆ గెట్టు దగ్గరే మాట తేడా వచ్చింది. నువ్వు జరిపినవంటే నువ్వు జరిపినవనుకుని, మాటలు మానేశారు. మానేశారంటే పూర్తిగా కాదు. తమ్ముడికేదైనా చెప్పాల్సివస్తే మాన్‌సింగ్ తన ఎద్దు కాళ్యాకు చెప్పేవాడు. “కాళ్యా, రేపు కరెంటు రాదంట, నీళ్లు పట్టుకొమ్మను కొందరిని” అని గట్టిగా అనేవాడు. ఇంట్లోంచి జైసింగ్, “సుక్కీ, ఆ ఎద్దుకు తెలిసిందని చెప్పు” అనేవాడు. ఇంటి పని, చేను పని, మేకల పని చాలక ఎద్దుతో రాయబారం కూడా తన మెడకే చుట్టుకుందని సుక్కి ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. వీళ్లు మాట్లాడుకునేది వాళ్ల లంబాడీ భాష గోరుబోలిలోనే. నేను మీకోసం తెలుగులో చెప్తున్నాను, తిట్లు మాత్రం కొన్ని మింగేస్తున్నాను.

సేద్యంలో జైసింగ్ అంతంత మాత్రం. నాగలి సగం సాలులో ఆపేసి ఎదురుగా గుట్టను చూస్తూ నిలబడిపోయేవాడు. “గుట్ట యాడికి పోతది? పొద్దు పోతది. దున్ను!” అని సుక్కి కేకేసేది. మృగశిర వానలు పడ్డాక ఒకరోజు దున్నుతూ దున్నుతూ ఎడ్లను అక్కడే వదిలేసి గబగబా ఇంటికొచ్చాడు. కొట్టానికున్న రేకు ఊడదీశాడు. సంజీవ పేరున్న వైపు గోడకు తిప్పి, ఏమీ రాయని వెనకవైపు మీద కుంచె పెట్టాడు. తొమ్మిది రోజులు దించలేదు.

అయ్యాక చూస్తే అందులో మనిషి లేడు, ఎద్దు లేదు, చెట్టు లేదు, గుడిసె లేదు. ఒకదాని మీద ఒకటి ఒరిగిన పట్టీలు. దున్నిన నేల రంగు ఒకటి, బూడిద రంగు ఒకటి, మక్కచేను ఉండాల్సినచోట నీలం. నడిమధ్యన ఎడమవైపు నుంచి సగం దాకా వచ్చి ఆగిన ఒక ఎర్రగీత, మధ్యలో కొద్దిగా వంగి. ఎరుపెందుకు పెట్టావంటే జైసింగే చెప్పలేడు. అది పెట్టనంతసేపూ గుట్ట కిందికి జారిపోతున్నట్టు ఉండింది. పెట్టగానే నిలబడింది. అంతే ఆయనకు తెలిసింది. చివర్న అలవాటు కొద్దీ మూలన ‘జై ఆర్ట్స్, మానుకోట’ అని రాసి సెల్ నంబరు కూడా వేశాడు.

“మేకలు తడుస్తాన్నయి. నీ బొమ్మ పాడుగాను” అంది సుక్కి.

ఆ వారమే పల్లవి టీచరు తండాకు వచ్చింది. ఆమెది జనగామ జిల్లా బచ్చన్నపేట, మానుకోట ఆడపిల్లల హాస్టలు బడిలో డ్రాయింగు చెప్తుంది. పిల్లల్ని బడిలో చేర్పించమని ఇల్లిల్లూ తిరుగుతూ ఈ వాకిట్లోకి వచ్చి, పట్టుకున్న కాగితాలు పట్టుకున్నట్టే ఆగిపోయింది.

“జైసింగన్నా, గిది ఎవలు ఏసిన్రు?”

“నేనే మేడం. రేకు ఖాళీగుంటే…”

“అన్నా, వచ్చే ఆదివారం జనగామల బొమ్మల ప్రదర్శన ఉన్నది. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాలోళ్లు వస్తాన్రు. గిది పెడదాం. శనివారం మాపటిలోపల తీస్కరావాలె. కని ఒక్క మాట. ఉన్నది ఉన్నట్టు తేవాలె. ఒక్క గీత గూడ మార్చొద్దు.”

మార్చొద్దు! ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయనతో అన్న మొదటి మనిషి ఆమె. జైసింగ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. టర్పెంటైన్ ఘాటని చెప్పి మొహం తుడుచుకున్నాడు. ఇది ఒక్కటన్నా తను గీసింది గీసినట్టు జనం ముందు నిలబడాలని ఆ క్షణానే ఆయనకు పట్టుకుంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు ఆ పూట.

అయితే బోడగుట్ట తండావాళ్ల సంగతి పల్లవికి తెలియదు. రెండేళ్ల కింద పోడు పట్టాల కోసం సర్వేవాళ్లు మిషన్లు పట్టుకొచ్చి గుట్టంతా కొలిచారు. ఇంటింటికీ పట్టాతోపాటు రంగురంగుల పట్టీలున్న నక్ష ఒకటి ఇచ్చారు. అప్పటినుంచి ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకోని ఇల్లు లేదు. అలాంటి తండాలో ఆరడుగుల రేకు మీద పట్టీలు పట్టీలుగా గుట్టను వేసి వాకిట్లో ఎండబెడితే ఏమవుతుంది? అదే అయ్యింది.

మొదట వచ్చినవాడు తండా నాయక్ బీక్యా. కాసేపు మెడ అటూ ఇటూ వంచి చూశాడు.

“మన గుట్టనే గదా ఇది? మరి నా చేనేది?”

“ఇది నక్ష కాదు నాయక్. బొమ్మ.”

“బొమ్మైతే మనిషేడి?”

మాపటికి తండా సగం వాకిట్లో ఉంది. రాణి అనే ఆమె తన రెండు మళ్లను ఒకటి చేశాడని లడాయికి దిగింది. ఇంకొకామె, “మక్కచేనుకు నీలం పెట్టినవేంది? సర్వేల నీలం అంటే ఫారెస్టోళ్లది. నా పట్టా పోతే నువ్విస్తవా?” అని కొంగు నడుముకు చుట్టింది. ఒకాయన ఇంటికి పరిగెత్తిపోయి దేవుడి పటం వెనకనుంచి తన నక్ష తెచ్చి, రేకు పక్కన పెట్టి పోల్చాడు. పోల్చి, తన వాటా పెరిగినట్టు కనిపించడంతో ఎవరితోనూ ఏమీ అనకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాయక్ మాత్రం కదల్లేదు. “నాయక్ చేను లేని గుట్ట గుట్టేనా?” అని కూర్చున్నాడు. ‘అట్లనే పటేలా’ అలవాటు ఊరికే పోతుందా? జైసింగ్ మెత్తబడ్డాడు. పైమూలన నాయక్ పేర ఒక పసుపు పట్టీ పెట్టాడు. పెట్టాడో లేదో బొమ్మ మొత్తం ఆ పసుపు వెనకాలే పోయింది. ఎక్కణ్నుంచి చూసినా నాయకే కనబడ్డాడు. మరునాడంతా గుడ్డముక్క కిరసనాయిల్లో ముంచి తుడిచాడు. నాయక్ మూతి ముడుచుకున్నాడు.

ఇక మాన్‌సింగ్. బుధవారం పొద్దున ఎద్దును తోలుకుంటూ వాకిటి ముందు ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ ఎర్రగీతను చాలాసేపు చూశాడు.

“కాళ్యా, సూసినవార? నేల మీద జరిపితే జనం సూస్తరని కొందరు రేకు మీద జరుపుతాన్రు గెట్టు. సక్కగ నా చేన్లకు రెండు గజాలు దిగింది.”

“సుక్కీ, అది గెట్టు కాదని ఆ ఎద్దుకు చెప్పు” అన్నాడు లోపలినుంచి జైసింగ్.

“కాళ్యా, జనగామల పెద్దపెద్ద ఆఫీసర్లు సూస్తరంట దీన్ని. రేప్పొద్దున ఇదే నక్ష అని ముద్రేస్తే నా బతుకేంగాను? నేను పంచాయితి పెడుతున్న.”

“సుక్కీ…”

“మీరే సెప్పుకోన్రి! నాకు జొన్నలు దంచేదున్నది!” అని సుక్కి రోకలి తీసుకుంది.

నాయక్‌కు ఇంతకంటే ఏం కావాలి? శనివారం పొద్దున్నే గెట్టు పంచాయితీ అన్నాడు. గెట్టు పంచాయితీ అంటే గెట్టు మీదే జరగాలి, అది తండా పద్ధతి. కాబట్టి రేకును చేనికి మోసుకుపోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికల్లా జనగామ పోవడానికి కల్యాణ్ అనే కుర్రాడి ట్రాలీ ఆటో మాట్లాడి ఉంది. జైసింగ్ రేకు వెంట నడిచాడు. మోసేవాళ్లు బొమ్మను ఎండ తగలకుండా లోపలికి తిప్పారు. దాంతో సంజీవ ఎరువుల బోర్డు బయటికి వచ్చింది. అది చూసి పై చేన్లలో కలుపు తీసేవాళ్లు కంపెనీవాళ్లు వచ్చారనుకుని, టోపీలు పంచుతారేమోనని దిగి వచ్చారు. టోపీలు లేవు, పంచాయితీ ఉంది. దానికీ వాళ్లకు అభ్యంతరం లేకపోయింది, కూర్చున్నారు.

ఇద్దరు రేకును ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. బీక్యా నాయక్ ఒక కన్ను మూసి గుట్టను చూశాడు, రెండో కన్ను మూసి రేకును చూశాడు. చేను నడిచి కొలిచాడు. వచ్చి గొంతు సవరించుకున్నాడు.

“గీత గెట్టు మీద లేదు. గెట్టుకు కింద, మాన్‌సింగ్ చేన్ల ఉన్న ఆ బల్లబండ కాడ పడ్డది. తప్పు జైసింగ్‌ది. రేకు మీద రెండు వేళ్లు పైకి జరిపితె సరిపోతది. జరుపు, కత అయిపాయె.”

“రెండు వేళ్లే గదనే!” అన్నారు అందరూ ఒక్కసారిగా. సుక్కి కూడా, “జరుపరాదయ్యా, రంగే గదా” అంది. ఎవరో కుంచె తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరో ఎర్రరంగు డబ్బా మూత తీశారు. కింద దారిలో కల్యాణ్ హారన్ కొడుతున్నాడు.

జైసింగ్ కుంచె ముంచాడు. ‘అట్లనే పటేలా’ పెదాల దాకా వచ్చింది. రెండు వేళ్లు జరిపితే అన్నతో గొడవ పోతుంది, నాయక్ అలక పోతుంది, ఆటో టైముకు బయల్దేరుతుంది. అన్నీ సర్దుకుంటాయి, బొమ్మ ఒక్కటే ఉండదు. గీతను ఒకసారి చూశాడు. చేయి లేవలేదు. పసుపు పట్టీ పెట్టిన రోజు గుర్తొచ్చింది. కుంచె డబ్బాలో వేసేసి, పదకొండేళ్ల తరువాత ఎద్దూ సుక్కీ లేకుండా నేరుగా అన్న మొహంలోకి చూశాడు.

“భియా, రెండు గజాలు భూమి నువ్వే తీస్కో. నేల మీది గెట్టు నా దిక్కు జరుపుకో, నేను అడ్డం రాను. ఈ గీతను మాత్రం జరుప.”

కలుపు తీసేవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూశారు. ముందు తేరుకున్నది సుక్కి.

“నీకేమన్న గాలి సోకిందా! రేకు మీది గీతకు నేల మీది భూమిస్తవా? ఇంటె నవ్వుతరు జనం! రెండు గజాలంటే ఎన్ని కందిచెట్లో ఎరికేనా? ఓ నాయక్, ఈ మాట లెక్కల పెట్టకున్రి, ఈన పొద్దుగాల్నుంచి ఏం తినలే!”

బీక్యా నాయక్ నలభై ఏళ్లుగా పంచాయితీలు చెప్తున్నాడు. భూమి కోసం గీత జరిపినవాళ్లను చూశాడు. గీత కోసం భూమి ఇచ్చేవాణ్ని చూడటం ఇదే మొదలు. ఏం తీర్పు చెప్పాలో తోచక చుట్ట వెలిగించాడు.

మాన్‌సింగ్‌కు మాత్రం అనుమానం వచ్చింది. రెండు గజాలు ఉత్తపుణ్యానికి ఎవడిస్తాడు? ఇందులో ఏదో ఉంది.

“ఏమున్నదిరా గా గీతల?”

“నాకే ఎరుక లేదు భియా. అది లేకపోతే ఇది మన గుట్ట అయితలేదు. అంతే.”

మాన్‌సింగ్ రేకు పట్టుకున్నవాళ్లను వెనక్కి జరగమన్నాడు. ఇంకా వెనక్కి, ఇంకా, గుట్ట మీదినుంచి చూస్తే చేను ఎంత దూరమో అంత దూరం జరగమన్నాడు. ఒక చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు. వంగిన ఆ గీతనూ, తన చేనిలో ఉన్న బల్లబండనూ, మళ్లీ గీతనూ చూశాడు.

“ఇది గెట్టు కాదురా” అన్నాడు.

“నేను మొదటిసంది అదే సెప్తాన గదా.”

“యాడి టుక్రిరా ఇది.”

యాడి అంటే వాళ్ల అమ్మ. టుక్రి అంటే ఆమె తలమీద కప్పుకునే ఎర్రబట్ట. మాన్‌సింగ్‌కు పన్నెండేళ్లు, జైసింగ్‌కు ఆరేళ్లు ఉన్నప్పుడు ఆమె పోయింది. ఆమె ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ గుట్ట మీద మేకల్ని కాసేవాళ్లు. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెలు తెచ్చి, కేకేస్తే పైదాకా వినపడదని, టుక్రిని ఆ బల్లబండ మీద పొడుగ్గా పరిచి రెండు కొసలకూ రెండు రాళ్లు పెట్టేది. ఎరుపు కనబడితే రొట్టె వచ్చినట్టు. నడుమ గాలికి లేచి వంగేది.

“నిన్ను సంకనేసుకొని ఉరుకుదునురా కిందికి” అన్నాడు మాన్‌సింగ్. “నీకు యాదికుండదనుకున్న. గా బండకు తగిలి నాగండ్లు ఎన్ని విరిగినా అందుకనే తియ్యలే నేను.”

జైసింగ్‌కు నిజంగానే యాదికి లేదు. అమ్మ మొహమే యాదికి లేదు ఆయనకు. చేతికి ఉంది, అంతే. సాలులో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఎవరేమనుకుంటారని కూడా చూడలేదు. మాన్‌సింగ్ అటు తిరిగి, ఏ తప్పూ చేయని ఎద్దును, “ఏందిర కాళ్యా సూస్తవు, మెయ్యి!” అని కసిరాడు. సుక్కి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“గీత ఆడనే ఉండనీ” అన్నాడు చివరికి మాన్‌సింగ్. “కని…”

“కని?”

“పదిమంది ముంగట రెండు గజాలు ఇస్తనన్నవు. మాట మాటనే గదా నాయక్?”

సుక్కి అందుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. అవి మొత్తం గుట్ట ఎక్కి దిగి వచ్చాయి. మాన్‌సింగ్ మాత్రం నాలుగు హద్దురాళ్లు అప్పటికప్పుడే పాతించుకుని, చేతులు దులుపుకుని, రేకుకు ఒక పక్క తనే పట్టుకుని ఆటో దాకా మోశాడు. మోసి, తనూ ఎక్కి రేకు పక్కనే కూర్చున్నాడు. దారిలో ఎవడైనా గీత మీద చేయి పెడితే ఎట్లా అన్నాడు. జనగామ చేరేదాకా ఆ చివర వదల్లేదు.

ఆదివారం ప్రదర్శనలో బొమ్మ గోడకు నిలబడింది. పల్లవి టీచరు సెల్ నంబరు కూడా చెరపొద్దంది. మాన్‌సింగ్ నెత్తికి తువ్వాల చుట్టుకుని పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకల్లా, “గిది మా గుట్ట. గిది మా యాడి టుక్రి. గీ పైన కొత్తగొచ్చిన రెండు గజాలు నావి” అని చెప్తున్నాడు. నీలం ఏమిటని అడిగితే, “గది మా తమ్ముని ఇష్టం” అంటున్నాడు.

మధ్యాహ్నమప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. దగ్గరికి వెళ్లాడు, దూరం జరిగాడు, గడ్డం పట్టుకున్నాడు.

“బాగుంది. కానీ ఆ ఎర్రగీత మరీ గట్టిగా ఉందయ్యా. కొంచెం పలచన చేస్తే…”

“అట్ల…” అని జైసింగ్ నోరు దానంతటదే తెరుచుకుంది.

“సారూ!” అన్నాడు మాన్‌సింగ్ మధ్యలోకి వచ్చి. “గా గీతకు మా తమ్ముడు రెండు గజాల భూమి పోగొట్టుకున్నడు. ముట్టుకుంటే ఊకోము.”

కళ్లద్దాలాయన మళ్లీ ఒకసారి గీతను చూసి, ఈసారి ఇంకాస్త దూరం జరిగి నిలబడ్డాడు. మాన్‌సింగ్ తమ్ముడి భుజం మీద చేయి వేశాడు.

“దాన్ని సూస్తాంటె పొద్దుగాల్నుంచి ఆకలైతాందిరా నాకు. సుక్కి ఏమన్న కట్టిందా?”

రెండు గజాలు మింగినోనికి రొట్టె కూడానా అని తిట్టుకుంటూనే సుక్కి మూటలో ఇద్దరికీ సరిపడా పెట్టి పంపింది. అన్నదమ్ములిద్దరూ ఆ ఎర్రగీత కింద గోడకానుకుని కూర్చుని, మూట విప్పి, జొన్నరొట్టెలు తిన్నారు.